అమెరికా ప్రభుత్వ భవనాలలో ఆయుధధారణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రభుత్వ భవనాలలోనికి తుపాకీ తీసికొనిపోవడం చట్టసమ్మతమా కాదా అన్నది ముఖ్యంగా ఆ భవనం ఏ ప్రభుత్వ అధీనంలో ఉన్నదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. 1791లో అమలులోకి వచ్చిన రెండవ రాజ్యాంగ సవరణ ఆయుధాలు ధరించే హక్కును గుర్తించింది. అయితే ఆ హక్కుకు హద్దులున్నాయి.

ఫెడరల్ భవనాలు

ఫెడరల్ ప్రభుత్వానికి చెందిన, లేదా అది అద్దెకు తీసికొన్న భవనాలలో, ఉద్యోగులు నిత్యం విధులు నిర్వర్తించే చోట తుపాకీ కలిగియుండడం నేరం. 1988 నాటి ఈ నిషేధం అమెరికా చట్టసంహిత 18వ భాగం, 930వ సెక్షనులో ఉన్నది. గరిష్ఠ జైలుశిక్షలు ఇవి:

* తెలిసి తుపాకీ తెచ్చినవారికి: 1 సంవత్సరం
* ఫెడరల్ న్యాయస్థానంలోనికి తెచ్చినవారికి: 2 సంవత్సరాలు
* నేరానికి వాడే ఉద్దేశంతో తెచ్చినవారికి: 5 సంవత్సరాలు

ప్రజలు ప్రవేశించే ప్రతి ద్వారం వద్ద నిషేధాన్ని తెలిపే ప్రకటన కనబడేలా ఉంచాలి. అది లేనప్పుడు, నిషేధం సంగతి నిందితునికి ముందే తెలిసియుంటే తప్ప, మొదటి రెండు నేరాలకు శిక్షించరాదు. విధినిర్వహణలో ఉన్న పోలీసు అధికారులకు మినహాయింపు ఉన్నది. జాతీయ ఉద్యానవనాలలో 2010 నుండి ఆయా రాష్ట్రాల చట్టాలకు లోబడి తుపాకీ ఉంచుకోవచ్చు. కాని అక్కడి ప్రభుత్వ భవనాలలోనికి తేరాదు.

రాష్ట్రాల భవనాలు

రాష్ట్రాలు తమ భవనాలకు తామే నియమాలు చేసుకొంటాయి. టెక్సాస్ శాసనసభా భవనంలోనికి లైసెన్సు గలవారు చేతితుపాకీతో వెళ్ళవచ్చు. మిషిగన్‌లో 2020 ఏప్రిల్ 30న సాయుధులైన నిరసనకారులు శాసనసభా భవనంలో ప్రవేశించారు. తరువాత 2021 జనవరిలో అక్కడ బహిరంగ ఆయుధధారణను, 2023లో కొద్ది మినహాయింపులతో తుపాకులన్నింటినీ నిషేధించారు.

న్యాయస్థానాల తీర్పులు

హెల్లర్ కేసులో (2008) సుప్రీంకోర్టు ఆయుధధారణను వ్యక్తిగత హక్కుగా ప్రకటించింది. అయితే పాఠశాలలు, ప్రభుత్వ భవనాలు వంటి "సున్నిత ప్రదేశాలలో" నిషేధాలను ఆ తీర్పు ప్రశ్నించడం లేదని స్పష్టం చేసింది. బ్రూయెన్ కేసులో (2022) ఆయుధ నియంత్రణలు దేశ చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉండాలన్నది. శాసనసభలు, పోలింగు కేంద్రాలు, న్యాయస్థానాలను అట్టి నిషేధం చిరకాలంగా ఉన్న చోట్లుగా పేర్కొన్నది. ఈ సూత్రంతో పాత నిషేధాలు కూడా వివాదాస్పదమయ్యాయి. తపాలా కార్యాలయాలకు 930వ సెక్షను వర్తింపు రాజ్యాంగవిరుద్ధమని 2024 జనవరిలో ఫ్లోరిడాలోని ఒక ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి తీర్పునిచ్చారు.

విదేశీయులు

విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్న విదేశీయులు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ప్రభుత్వ భవనాలలోనే కాదు, దేశంలో ఎక్కడా తుపాకీ కలిగియుండరాదు. అక్కడ చదువుకొనే తెలుగు విద్యార్థులకు కూడా ఈ నియమం వర్తిస్తుంది.