రెండో కొబ్బరికాయ

ఇట్రా అబ్బాయ్, కూర్చో. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. సాగర్ కాలవకు నీళ్లొదిలారని అందులో చూసి, ఊఁ అనైనా అనకుండా వేలితో పైకి తోసేశావే, ఆ నీళ్ల ముచ్చటే చెబుతా.

మా పల్నాడు అప్పట్లో జొన్నకూటి సీమ. శ్రీనాథుడంతటివాడు ఇక్కడి తిండికి తాళలేక చాటువులు చెప్పి పోయాడంటారు. వరన్నం పండక్కో, అల్లుడొస్తేనో. మెతుకు కింద పడితే కళ్లకద్దుకుని తినేవాళ్లం. నువ్వు నిన్న కంచంలో వదిలేసింది మాకైతే ఒక పండగ. సరేలే, తిట్టడానికి పిలవలేదు.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. మా ఊళ్లో నమ్మినవాళ్లు తక్కువ. "కృష్ణమ్మ ఆ లోయ వదిలి మన చేలమీదికి వస్తుందా? దేవుడు రాయలేదురా" అని రచ్చబండ మీద ఓ పెద్దాయన తీర్పు చెప్పేశాడు. రాయడం దేవుడి పనైతే, రాళ్లు మోయడం మనుషుల పని. వేలమంది కూలీలు పరంజాలెక్కి మోశారు. 124 మీటర్ల ఎత్తు లేపారు, రాతికట్టడం! మునిగిపోయే లోయలోని బౌద్ధుల నాటి కట్టడాలను తవ్వితీసి కొండమీద నిలబెట్టారు కూడా. అదో పెద్ద కథ, ఇంకో రాత్రికి దాచుకుందాం. కాలవ దగ్గరికొద్దాం పద.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లొదిలారు. మా ఊరికి నీళ్లొచ్చిన రోజున పొయ్యి వెలిగించినవాళ్లు లేరు, అంతా గట్టుమీదే. ఆడవాళ్లు పసుపు కుంకుమలు చల్లారు. ఆ పెద్దాయన రెండు కొబ్బరికాయలు తెచ్చాడు. ఒకటి కృష్ణమ్మకు కొట్టాడు. రెండోది ఎవరికి తాతా అంటే, "రాళ్లు మోసినోళ్లకురా" అన్నాడు. మానవ ప్రయత్నం, దైవ సహాయం అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇప్పుడో? నీళ్లు ఆలస్యమైతే తిట్టడానికి పోతాం, వస్తే చూడ్డానికి పోం. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు మరి. అంతా దేవుడే చేశాడనేవాడితో నాకు పేచీ లేదు, అంతా మనిషే చేశాడనేవాడితోనూ లేదు. ఆశ్చర్యపోవడం మరిచిపోయినవాడి మీదే నా బెంగ. వాడికి గుళ్లోనూ చెప్పుల మీదే ధ్యాస. ఆశ్చర్యం మిగిలినవాడు నీళ్లు పారబోయడు, కూలివాణ్ణి చులకనగా చూడడు.

ఈసారి గేట్లెత్తినప్పుడు సాగర్ వెళ్లు. 26 ఉంటాయి, లెక్కపెట్టు. దండం ఎవరికి పెడతావో నీ ఇష్టం. పెట్టకుండా మాత్రం ఇంటికి రాకు.