యానాంలో ఒక తప్పు, ఒక శతకం

పోయిన సంక్రాంతికి యానాం వెళ్ళినప్పుడు, తాతయ్య గురించి తను రాసిన రెండు పేజీలు పెద్దత్త నా చేతిలో పెట్టి, "అందరికీ వినపడేలా చదువురా" అంది. హాలు నిండా చుట్టాలు.

నేను బెంగళూరులో కన్నడ మీడియంలో చదివానని మీకు తెలుసు. తెలుగు చదవడం పాతికేళ్ళు దాటాక నేర్చుకున్నాను. క, త, శ లాంటి కొన్ని అక్షరాలు తప్ప రెండు లిపులూ అన్నదమ్ములే, అక్కడ కష్టం లేదు. కష్టమంతా 'చ' దగ్గరే. "చెరువు"లో చ వేరు, "చదువు"లో చ వేరు. రెండోది అనేటప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి రావాలి. కన్నడలో ఈ తేడా లేదు. పాత నిఘంటువుల్లో దీనికి వేరే గుర్తు ఉండేది, ఇప్పటి పుస్తకాల్లో లేదు. మొదటి పేరాలోనే "చదువు" అన్న మాట కన్నడ చ తో చదివేశాను. పిల్లలు కిసుక్కున నవ్వారు. కాగితాలు చెల్లికి ఇచ్చేసి కూర్చున్నాను.

ఆ సాయంత్రం పెద్దత్త చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి సంగతి చెప్పింది. ఆయన 1870లో కడియంలో పుట్టారు, చిన్నతనంలో యానాంలో చదువుకున్నారు. అప్పుడది ఫ్రెంచివాళ్ళ ఊరు, 1954 దాకా వాళ్ళ పాలనే. పద్దెనిమిదో ఏట యానాం వేంకటేశ్వరస్వామి మీద శతకం చెబితే, అందులో వ్యాకరణ దోషం ఉందని ఊళ్ళో పండితుడొకరు తప్పుపట్టారు. నామోషీ అయింది. అయినా పద్యాలు మానలేదు. కాశీ వెళ్ళి వ్యాకరణం నేర్చుకోవాలనుకున్నారు. చేతిలో డబ్బు లేక, ఊళ్ళు తిరిగి తన కవిత్వం వినిపించి కూడబెట్టుకున్నారు. అంటే, ఏ పనిలో తప్పు దొరికిందో ఆ పనే మళ్ళీ నలుగురి ముందూ చేశారు.

తర్వాత దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి తిరుపతి వేంకట కవులుగా అవధానాలు చేశారు. అవధానమంటే తప్పు పట్టడానికే ఎదురుగా మనుషుల్ని కూర్చోబెట్టుకోవడం. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, ఒకరు మధ్యలో అడ్డదిడ్డంగా మాట్లాడతారు. చివర్లో చెప్పిన పద్యాలన్నీ కాగితం లేకుండా మళ్ళీ వినిపించాలి. 1949లో ఆయన మద్రాసు ప్రభుత్వానికి ఆస్థానకవి అయ్యారు.

మా టెస్టింగు పనిలో తప్పు దొరికితే రాసిపెడతాం. సరిచేశాక మళ్ళీ అదే చోట పరీక్షిస్తాం, వేరే చోట బాగుంటే లెక్కలోకి రాదు. అందుకని ఆ రెండు పేజీలే తెచ్చుకుని, పలుకు మారే ప్రతి చ కింద పెన్సిలుతో చుక్క పెట్టాను. రాత్రుళ్ళు ఫోన్లో పెద్దత్తకి చదివి వినిపించాను.

మొన్న తాతయ్య తద్దినానికి అదే హాల్లో, అవే పేజీలు చదివాను. చ లన్నీ బాగానే వచ్చాయి. "జామచెట్టు" దగ్గర తప్పాను, జ కి కూడా ఇదే తంటా ఉందని గమనించలేదు. పెద్దత్త కూర్చున్నచోటినుంచే సరిదిద్దింది. మళ్ళీ పలికి, చివరిదాకా చదివాను.