దోయి సుతెప్ కొండదారి

సెలవులకు పిల్లలతో ఎక్కడికి వెళ్దామని యోచించే మలేసియాలోని మన కుటుంబాలకు ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై నగరాన్ని సూచిస్తాను. నవంబరు, జనవరి మాసాల మధ్య వెళ్లాలి. మార్చిలో అడవులు, పొలాలు తగలబెట్టిన పొగకు కొండలే కనబడవు.

1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన నగరమిది. బుద్ధగయ ఆలయాన్ని పోలిన వాట్ చెట్ యోట్ ఇక్కడే ఉంది. అయినా నా లెక్కలో ముందు చూడవలసింది దోయి సుతెప్ గుడికి వెళ్లే దారి.

1934 వరకు అక్కడికి కాలిబాటే గతి. ఆ నవంబరులో ఖ్రూబా సీవిచై అనే భిక్షువు పిలుపునందుకొని ఊళ్లకు ఊళ్లే పలుగు, పార పట్టుకొని కదిలాయి. కూలి లేదు, తిండిగింజలు కూడా జనమే తెచ్చారు. సుమారు 11 కిలోమీటర్ల దారి 1935 ఏప్రిల్ 30న తెరుచుకున్నది. రబ్బరు తోటల్లో చెమటోడ్చిన తాతలున్న మనకు ఆ శ్రమ ఎంతటిదో వేరే చెప్పాలా? అనుమతి లేకుండా దీక్షలిచ్చారని అంతకు ముందే పలుమార్లు నిర్బంధం అనుభవించిన మనిషి ఆయన. దారి పూర్తయిన ఏడే మళ్లీ బ్యాంకాకుకు రప్పించి విచారించారు!

కొండ మొదట ఆయన విగ్రహముంది. బండి ఆపించి, పిల్లలకు ఈ కథ చెప్పి పైకి సాగండి. గుడి ముందు 306 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కేబుల్ బండి ఉన్నది.