తరగతిలో కూర్చుంటే భృతి ఆగేది

డబ్లిన్‌లో మా పక్కింటి పెద్దాయన ఒక పాత నోటుబుక్కు దాచుకున్నాడు. అట్ట చిరిగితే గోధుమరంగు కాగితం అంటించాడు. లోపల పెన్సిలుతో వేసిన భిన్నాల లెక్కలు, పక్కన పంతులమ్మ పెట్టిన ఎర్రసిరా టిక్కులు. ఆ లెక్కలు చేసేనాటికి ఆయనకు నలభై ఏళ్లు. పద్నాలుగో ఏట బడి మానేశాడట. అప్పట్లో ఇక్కడ హైస్కూలుకు ఫీజు కట్టాలి, ఇంట్లో పైసలు లేవు. తెలంగాణలోని మా న్యాల్‌కల్‌లో నాతో చదివి, ఏడో తరగతితోనే ఆగి కూలికి పోయినవాళ్లు గుర్తొచ్చారు నాకు.

ఐర్లండ్ అనగానే ధనిక దేశమనుకుంటాం. కానీ పూటకు లేక జనం ఓడలెక్కి వలసపోయిన దేశమిది. 1966 సెప్టెంబరులో విద్యామంత్రి డొనా ఒమాలీ హైస్కూలు చదువు ఉచితమని ప్రకటించాడు. మరుసటి ఏడాది నుంచి అమలైంది, పల్లె పిల్లలకు ఉచిత బస్సులూ వచ్చాయి. అప్పటికే మా పెద్దాయన ఫ్యాక్టరీలో చేరిపోయాడు. ఆయన ఈడువాళ్లకు ఆ బస్సు అందలేదు. 1980లలో ఫ్యాక్టరీలు మూతపడి నిరుద్యోగం 17 శాతం దాకా పోయినప్పుడు ముందు వీధిన పడ్డది చదువు లేని వాళ్లే.

నిరుద్యోగ భృతి ఉండేది. 1933 చట్టంతోనే పేద నిరుద్యోగులకు సాయం మొదలైంది. కానీ పనికి సిద్ధంగా ఉండాలి, పని వెతుకుతుండాలి అని షరతు. పగలంతా తరగతిలో కూర్చున్నవాడు పనికి సిద్ధంగా లేనట్టే లెక్క. ఇంట్లో ఖాళీగా ఉంటే డబ్బు వచ్చేది, చదువుకుందామని బయల్దేరితే ఆగేది. ఇంటిల్లిపాదీ దాని మీదే బతికేచోట ఎవరు ధైర్యం చేస్తారు?

ఆ ముడి 1989లో విప్పారు. ఒకేషనల్ ట్రైనింగ్ ఆపర్చునిటీస్ స్కీం కింద 21 ఏళ్లు దాటి, ఆరు నెలలుగా పనిలేనివారు భృతికి సరిపడా సొమ్ము తీసుకుంటూనే చదువుకోవచ్చు. పెద్దాయన అలాగే వెళ్లాడు. తర్వాత కాలేజీ చదువులకూ దారి తెరుచుకుంది. ఆ సాయాన్నే ఇప్పుడు బ్యాక్ టు ఎడ్యుకేషన్ అలవెన్స్ అంటారు. మామూలుగా 21 నిండాలి. హైస్కూలు స్థాయికైతే మూడు నెలలు, కాలేజీకైతే తొమ్మిది నెలలు నిరుద్యోగ భృతి మీద ఉండాలి. చట్టప్రకారం పరిహారమిచ్చి పనిలోంచి తీసేసినవారికి ఈ గడువు ఉండదు. ఉన్న చదువుకన్నా పై చదువే కావాలి, అదీ పూర్తికాలం. వేసవి సెలవుల్లో ఈ డబ్బు రాదు, మళ్లీ మామూలు భృతికి దరఖాస్తు చేసుకోవాలి.

తొమ్మిది నెలలు ఎక్కువని నా అభిప్రాయం. కొలువు పోయిన కొత్తలోనే మనిషికి పట్టుదల ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ నాకెందుకులే అనిపిస్తుంది.

ఇక మన దగ్గరైతే ఓపెన్ స్కూల్ ఉంది. ఎంత వయసు వచ్చినా పది, ఇంటర్ పరీక్షలు రాయొచ్చు. అది గొప్ప సౌకర్యం, కాదనను. కానీ ఆ చదువుకునే రోజు కూలి ఎవరిస్తారు? ఆ ప్రశ్నే ఇప్పుడు మన ముందుకొచ్చింది. జహీరాబాద్ నిమ్జ్ పారిశ్రామిక వాడ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,600 ఎకరాల పైచిలుకు భూమిని గుర్తించారు. భూమి పోయిన ఇంటికి కొలువు అన్న మాట ఊళ్లో వినిపిస్తూనే ఉంది. నలభై ఏళ్లు జొన్న, కంది పండించిన చేతికి మిషను ముందు కొలువు కావాలంటే మధ్యలో ఏడాదో రెండేళ్లో నేర్చుకోవాలి. ఆ రెండేళ్లు ఇంట్లో పొయ్యి వెలగాలి.

అన్నలారా, అక్కలారా, ఈసారి గ్రామసభకు అధికారులు వస్తే ఎకరం ధర ఒక్కటే అడిగి ఊరుకోకండి. నేర్చుకునే రోజులకు కూలి కట్టివ్వమని కూడా అడగండి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి.