వదిలివెళ్లాడన్న మాట: అమెరికా ట్రక్కు డ్రైవర్ల ఉద్యోగచరిత్ర వివాదాలు

ప్రవేశిక

ఉద్యోగి ఒక సంస్థను విడిచిపోయినప్పుడు, ఎందుకు విడిచిపోయాడన్న సంగతి ఎవరు రాయాలి? అమెరికా రవాణారంగంలో ఈ ప్రశ్న ట్రక్కుల కంటే పాతది. 1894లో పుల్‌మన్ సమ్మె విఫలమైన తరువాత, అందులో పాల్గొన్న రైల్వే కార్మికులకు ఇతర రైలు కంపెనీలలో పని దొరకడం కష్టమైంది. కంపెనీ ఇచ్చే సేవాపత్రంలో తప్పుపట్టదగిన మాట ఒక్కటీ ఉండేది కాదనీ, కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే మాత్రం మెడ విరిగిన కొంగ బొమ్మ నీటిముద్రగా కనిపించేదనీ, అది సమ్మెదారుకు గుర్తనీ కార్మికులు ఆరోపించారు. తొలగింపునకు అసలు కారణమేమిటో తెలిపే పత్రాన్ని ఉద్యోగికి ఇవ్వాలని ఆ తరువాత కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. వాటిలో మిస్సోరీ రాష్ట్ర చట్టాన్ని 1922లో సుప్రీంకోర్టు సమర్థించింది. కారణం ఏదైనా అది ఉద్యోగి కళ్లముందు ఉండాలన్నదే ఆ చట్టాల కోరిక. 1980ల నుంచి ట్రక్కు డ్రైవర్లకూ కంపెనీలకూ మధ్య సాగిన వివాదం ఆ పాత కోరికకు కొనసాగింపే.

సంఘం స్థానంలో దస్త్రం

1964లో జిమ్మీ హోఫా నాయకత్వాన టీమ్‌స్టర్స్ సంఘం సుమారు నాలుగు లక్షల మంది డ్రైవర్లకు వర్తించే జాతీయ ఒప్పందాన్ని సాధించింది. దానివల్ల జీతంతో పాటు మరొక రక్షణ కూడా లభించింది. డ్రైవరును తొలగిస్తే, ఆ తొలగింపు న్యాయమా కాదా అన్నది కంపెనీ ప్రతినిధులూ సంఘం ప్రతినిధులూ కూర్చున్న సభలో చర్చకు వచ్చేది. కారణాన్ని కంపెనీ ఒక్కటే నిర్ణయించే వీలు ఉండేది కాదు.

1980 నాటి మోటార్ క్యారియర్ చట్టం రవాణాపై నియంత్రణలను సడలించింది. సంఘాలు లేని కొత్త కంపెనీలు వేగంగా పెరిగాయి, వేతనాలు తగ్గాయి, డ్రైవర్లు ఒక కంపెనీ నుంచి మరొక కంపెనీకి మారడం నిత్యకృత్యమైంది. 2000ల మధ్యనాటికి పెద్ద కంపెనీలలో ఏడాదికి పని మానే డ్రైవర్ల సంఖ్య అక్కడి డ్రైవరు ఉద్యోగాల మొత్తం సంఖ్యనే మించింది. ఇంతగా మనుషులు మారే చోట కొత్తగా వచ్చినవాడి గతం తెలుసుకోవడం కంపెనీకి నిజమైన అవసరమే, దానిని తప్పుపట్టలేము. ప్రమాదాలు చేసిన చరిత్ర గలవాడికి భారీ ట్రక్కు అప్పగించడం రోడ్డు మీది అందరికీ ముప్పు. 1986 నాటి సమాఖ్య చట్టాన్ని అనుసరించి వచ్చిన నిబంధనలు కూడా వాణిజ్య వాహనాల డ్రైవరు తన పదేళ్ల ఉద్యోగచరిత్రను తెలపాలని విధించాయి.

ఈ అవసరాన్ని ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో ఉన్న డాక్ సర్వీసెస్ అనే సంస్థ వ్యాపారంగా మలచుకుంది. డ్రైవరు పని మానగానే పాత కంపెనీ ఒక పత్రం నింపి పంపేది. చేరిన తేదీ, మానిన తేదీ, నడిపిన బండి రకం, ప్రమాదాలు, మానడానికి కారణం, తిరిగి తీసుకోవచ్చా లేదా అన్నవి అందులోని అంశాలు. కొత్త కంపెనీ రుసుము చెల్లించి దానిని తెప్పించుకునేది. డ్రైవర్ల భాషలో సంస్థ పేరే పత్రానికి పేరై, అది ‘డాక్’గా స్థిరపడింది.

తేదీలలో తప్పులు దొర్లితే దిద్దవచ్చు. అసలు చిక్కు కారణం దగ్గర వచ్చింది. ‘కంపెనీ నియమాల ఉల్లంఘన’, ‘అసంతృప్తికరమైన భద్రతా చరిత్ర’, ‘బండి వదిలివెళ్లాడు’ వంటి ముందే అచ్చయిన మాటల నుంచి కంపెనీ ఒకటి ఎంచుకునేది. బ్రేకులు సరిగా లేని బండిని నడపనని నిరాకరించి, దానిని దారిలోనే నిలిపి ఇంటికి వెళ్లినవాడూ, మధ్యదారిలో సరుకును గాలికి వదిలేసినవాడూ ఆ చివరి మాట కింద ఒక్కటయ్యే వీలుంది. నడిపే వేళలు దాటిపోయినా ట్రిప్పు పూర్తిచేయమన్న ఒత్తిడి, మరమ్మతుకు నిరాకరణ, కొట్టివేసిన జీతం ఇవేవీ ఆ మాటలో కనిపించవు.

తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. భారతదేశంలో 2025 వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే సాధారణంగా వర్తించేది. ఒకటి రెండు లారీల యజమాని వద్ద పనిచేసే డ్రైవరు ఆ చట్టం వెలుపలే ఉండేవాడు. ఇక్కడ లోటు పత్రం లేకపోవడం, అక్కడ బాధ పత్రం వల్ల.

చట్టం దిద్దినది, దిద్దనిది

1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ఇటువంటి నివేదికలకూ వర్తిస్తుంది. డ్రైవరు అభ్యంతరం చెబితే నివేదిక సంస్థ సాధారణంగా 30 రోజులలో మళ్లీ విచారించాలి. అయితే ఆ విచారణ తరచుగా పాత కంపెనీనే మరొకసారి అడగడంగా పరిణమిస్తుందన్నది డ్రైవర్ల ఫిర్యాదు. సొంత ట్రక్కుల డ్రైవర్ల జాతీయ సంఘం ఆ అచ్చుమాటలే తప్పుదారి పట్టిస్తున్నాయని, అప్పటికి డాక్ నివేదికలను నిర్వహిస్తున్న యూఎస్ఐఎస్ సంస్థపై దావా వేసింది. ఒక్కొక్కరి నివేదిక నిజమో కాదో విడివిడిగా తేల్చవలసినదే కనుక అందరి తరఫున ఒకే దావా చెల్లదన్న తీర్పును 2008లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. తర్కం దృష్ట్యా అది సబబే. కాని ఒంటరి డ్రైవరుకు లాయరును పెట్టుకునే స్తోమత ఎక్కడిది?

2004లో సమాఖ్య రవాణా శాఖ తెచ్చిన నిబంధన మరొక దారి చూపింది. పాత యజమాని పంపిన భద్రతా చరిత్రను చూసే, దిద్దమని కోరే, ఖండన జతచేసే హక్కులు డ్రైవరుకు దక్కాయి. దిద్దుబాటు కోరితే పాత యజమాని 15 రోజులలో దిద్దాలి, లేదా ఒప్పుకోనని తెలపాలి. ఆ హక్కులకు తోడుగా, తెలిసి అబద్ధం పంపితే తప్ప యజమానిపై పరువునష్టం దావా వేయరాదన్న రక్షణ కూడా ఉంది. పైగా ఆ నిబంధన తప్పనిసరి చేసిన వివరాలు ప్రధానంగా ప్రమాదాలు, మాదకద్రవ్యాల పరీక్షలు. పని మానడానికి కారణం ఆ జాబితాలో లేదు. 2020లో మాదకద్రవ్యాల ఉల్లంఘనల నమోదు ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చింది, కారణం మాత్రం ప్రైవేటు నివేదికలలోనే ఉండిపోయింది.

‘వదిలివెళ్లాడు’ అన్న మాట ఎంత లోతైనదో ఆల్ఫాన్స్ మాడిన్ వివాదం చూపుతుంది. 2009 జనవరిలో, ఎముకలు కొరికే చలి రాత్రి, ఇల్లినాయ్‌లో అతని ట్రైలరు బ్రేకులు గడ్డకట్టుకుపోయాయి. హీటరు పనిచేయలేదు. మరమ్మతు మనిషి కోసం గంటల తరబడి ఎదురుచూశాక శరీరం మొద్దుబారింది. ట్రైలరును లాగు, లేదా అక్కడే ఉండు అన్నది పైఅధికారి ఆదేశం. మాడిన్ ట్రైలరును విప్పి, ముందరి బండితో కదిలాడు. మరమ్మతు మనిషి వచ్చాడని తెలియగానే తిరిగివచ్చాడు. లోడు వదిలివెళ్లాడన్న కారణంతో కంపెనీ అతణ్ణి తొలగించింది.

ప్రమాదకరమైన స్థితిలో బండి నడపడానికి నిరాకరించిన డ్రైవరును శిక్షించరాదని 1982 నాటి సమాఖ్య చట్టం చెబుతుంది. కార్మికశాఖ సమీక్షామండలి మాడిన్ పక్షాన తీర్పిచ్చింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. నీల్ గోర్సచ్ అనే న్యాయమూర్తి విభేదిస్తూ, చట్టం కాపాడేది నడపడానికి నిరాకరించినవాణ్ణనీ, మాడిన్ నడిపాడనీ వాదించాడు. మిగిలిన ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. 2016 ఆగస్టులో, ఘటన జరిగిన ఏడున్నరేళ్లకు, మాడిన్‌ను తిరిగి పనిలోకి తీసుకుని జీతం బకాయిలు చెల్లించాలన్న ఆదేశం నిలిచింది.