తెలుగు పాటలో ప్రాస, అంత్యప్రాస

తెలుగులో పాట రాసేవారు ఒక మాటకు జోడు మాట రెండు చోట్ల వెతుక్కుంటారు. పాదం మొదట్లో రెండో అక్షరాన్ని కలిపితే ప్రాస, పాదం చివర కలిపితే అంత్యప్రాస. మొదటిది ఛందస్సు పెట్టిన నియమం, రెండోది శబ్దాలంకారం. సినిమా పాట గురించి మాట్లాడేటప్పుడు ఇవాళ ప్రాస అంటే చాలామంది ఉద్దేశం రెండోదే. వెయ్యేళ్ళకు పైగా పద్యాన్నీ పదాన్నీ నడిపించింది మాత్రం మొదటిది.

రెండో అక్షరం

పాదంలో రెండో అక్షరపు హల్లు అన్ని పాదాల్లోనూ ఒకటే కావాలి. దాని మీది అచ్చు మారినా ఫరవాలేదు. ‘గాలి’కి ‘జాలి’ ఎంత ప్రాసో ‘మేలు’, ‘పాల’ కూడా అంతే ప్రాస. హల్లు జంటగా ఉంటే జంట మొత్తం కలవాలి, ముందు సున్న ఉంటే సున్నతో సహా కలవాలి. మొదటి అక్షరం ఒకచోట గురువైతే అన్నిచోట్లా గురువే కావాలి కాబట్టి ‘గాలి’కి ‘కల’ చెల్లదు. వృత్తాలకూ కందానికీ ద్విపదకూ ఈ కట్టుబాటు తప్పదు. ప్రాస లేని ద్విపదకు మంజరీ ద్విపద అని వేరే పేరే పెట్టారు. సీసం, ఆటవెలది, తేటగీతులకు ఆ నిర్బంధం లేదు. వాటిలో యతి స్థానంలో ప్రాసయతి వేసుకునే వీలు కూడా ఉంది.

సంస్కృత వృత్తాలకు ఈ నియమం లేదు. తమిళంలో దీన్నే ఎదుగై అంటారు, తొల్కాప్పియం దాన్ని ప్రస్తావించింది. కన్నడంలోనూ ఆదిప్రాస ఉంది. అంటే ఇది ద్రావిడ భాషల సొత్తు. 9వ శతాబ్దికి చెందిన పండరంగని అద్దంకి శాసనంలోని తరువోజ పద్యం ప్రాసతోనే నడిచింది. 11వ శతాబ్దిలో నన్నయ సంస్కృతం నుంచి వృత్తాలను తెచ్చుకున్నా వాటికి తెలుగు ప్రాసను తొడిగాడు. ఛందస్సు పేరు కూడా వినని వారి నోట సైతం ఈ ప్రాస పలుకుతుంది. ‘పుస్తకం గిస్తకం’, ‘డబ్బు గిబ్బు’ అన్నప్పుడు మొదటి అక్షరం మాత్రమే మారి, రెండో అక్షరం నుంచి మాట ఉన్నదున్నట్టు నిలుస్తుంది. ‘ఇరుగుపొరుగు’, ‘ఎగుడుదిగుడు’, ‘చీటికిమాటికి’ వంటి జంట మాటలదీ ఇదే కొలత.

సరిగ్గా కలిసే మాట దొరకనప్పుడు దగ్గరి మాటతో సర్దుకోవచ్చా? ఈ ప్రశ్నకు లక్షణకారులు చాలా తలలు బద్దలు కొట్టుకున్నారు. 17వ శతాబ్దిలో కాకునూరి అప్పకవి తన అప్పకవీయంలో ప్రాసభేదాలను ఒక్కొక్కటిగా పేర్లు పెట్టి విడదీశాడు. ల, ళ, డ అక్షరాలకు అభేదం చెప్పి కలుపుకొనే అభేదప్రాస, ఒకే వర్గానికి చెందిన థ, ధ వంటి అక్షరాలను కలిపే స్వవర్గజప్రాస ఆ కోవలోవే. ర, శకటరేఫ (ఱ) విషయంలో మాత్రం పాత కవులు కలపకూడదని పట్టుబట్టారు. ఉచ్చారణలో ఆ తేడా చెరిగిపోయిన తరవాత కూడా ఏ మాటలో ఏ రేఫ ఉందో కవులు గుర్తుపెట్టుకోవలసి వచ్చింది. చెవికి వినిపించని భేదాన్ని పట్టుకు వేలాడడం ప్రాసకు ఉపకారం చేసిన పని కాదు.

పాదం చివర

అంత్యప్రాసకు సంప్రదాయ ఛందస్సులో దొరికిన గట్టి చోటు రగడ. అందులో పాదాలు రెండేసి చొప్పున జతకడతాయి, ప్రాసతో పాటు అంత్యప్రాస కూడా ఉండాలి. పాల్కురికి సోమనాథుడు బసవరగడ రాశాడు. 12వ శతాబ్దిలో జయదేవుడి అష్టపదులు సంస్కృతంలోనే అంత్యప్రాసతో పాడుకునేలా వచ్చాయి. 15వ శతాబ్దిలో పోతన సీసపద్యాల్లో దీన్ని ఎంత మురిపెంగా వాడాడంటే, భాగవతం అనగానే చాలామందికి మొదట జ్ఞాపకం వచ్చేది ఆ మోతే.

పాట పాడడానికే పుట్టింది కనుక అక్కడ రెండు ప్రాసలూ కలిసి పనిచేశాయి. తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408–1503) సంస్కృతంలో సంకీర్తన లక్షణం రాశాడు. అది దొరకలేదు, మనుమడు చిన తిరుమలాచార్యుడు చేసిన తెలుగు సేత నిలిచింది. త్యాగరాజు (1767–1847) కృతుల్లో ద్వితీయాక్షర ప్రాస రాగం ఎత్తుకునే చోట్లను ఒకదానికొకటి ముడివేస్తుంది. ‘నగుమోము’ కృతిలో పల్లవి, అనుపల్లవి, చరణం మూడూ మొదలయ్యే మాటల్లో రెండో అక్షరం గకారమే. సంగతుల మీద సంగతులు వేసి గాయకుడు ఎంత దూరం వెళ్ళినా ఆ అక్షరం వినేవాణ్ని మళ్ళీ కృతిలోకి తెస్తుంది.

1910లో గురజాడ అప్పారావు ముత్యాలసరాలతో ప్రాస నిర్బంధాన్ని తీసి పక్కన పెట్టాడు. ఆ తరవాతి తరంలో రెండో అక్షరం పట్టు సడలి చివరి అక్షరం పట్టు బిగిసింది. ఈ మలుపులో పెద్ద చెయ్యి శ్రీశ్రీది. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానంలో రగడల నడకనూ అంత్యప్రాసల హోరునూ కొత్త వస్తువుకు వాడుకున్నాడు. సరదాకు ‘ప్రాసక్రీడలు’ రాశాడు, అవి ‘సిప్రాలి’లో చేరాయి. ఆరుద్ర కూనలమ్మ పదాలు మూడు చిన్న పాదాలకు ఒకే అంత్యప్రాస వేసి మకుటంతో ముగుస్తాయి. ఇద్దరూ సినిమా పాటలు రాసినవారే కావడంతో ఆ అలవాటు తెరకెక్కింది. మాట దొరకకపోతే పుట్టించే ధైర్యం పింగళి నాగేంద్రరావుది. ‘మాయాబజార్’ (1957) సంభాషణల్లో ‘అసమదీయులు’కు జోడుగా ‘తసమదీయులు’ అలా పుట్టిందే.

వెతుకులాట

ఇంగ్లీషులో ఊనిక పడిన అచ్చు నుంచి చివరిదాకా కలిస్తే సంపూర్ణ ప్రాస. ఆ భాషలో పీటర్ లెవిన్స్ 1570లోనే మాటలను చివరి అక్షరాల వరసలో పేర్చి నిఘంటువు చేశాడు. మనకు అమరకోశంలోని నానార్థవర్గం మాటలను చివరి హల్లును బట్టి కాంతాలు, ఖాంతాలు అంటూ పేర్చింది. అయితే తెలుగు పాటకు అలాంటి పేర్పు అంతగా సాయపడదు. కారణం తెలుగు వ్యాకరణమే. మాటలు అచ్చుతో ముగుస్తాయి, చివర ప్రత్యయాలు వచ్చి అతుక్కుంటాయి. ‘వచ్చింది, తెచ్చింది, నవ్వింది, కూర్చుంది’ అని ఎన్నైనా కలుపుకుంటూ పోవచ్చు. ఇది ప్రాసలా కనిపించే వ్యాకరణం. అంత్యప్రాస దొరకడం తెలుగులో కష్టం కాదు. వినదగ్గది దొరకడమే కష్టం.

అందుకే చేయి తిరిగిన రచయిత ప్రత్యయం దగ్గర ఆగడు, వెనక్కి నడిచి ధాతువు దాకా కలుపుతాడు. పైన చెప్పిన నాలుగింటిలో ‘వచ్చింది, తెచ్చింది’ మాత్రమే ‘చ్చ’తో సహా కలిశాయి. ‘వెన్నెల’ తీసుకుందాం. రెండో అక్షరం ‘న్న’ను పట్టుకుని మొదటి అక్షరాన్ని వర్ణమాల వెంట మారుస్తూ పోతే కన్నె, తిన్నె, వన్నె తగులుతాయి. వాటికి బహువచనం చేర్చితే ‘కన్నెల, తిన్నెల, వన్నెల’ వెన్నెలతో పూర్తిగా కలుస్తాయి. ‘కన్నుల, మిన్నుల’ అంటే మధ్య అచ్చు ఒక్కటే మారింది, పాడేటప్పుడు పట్టింపు లేదు. ‘మల్లెల, కిన్నెర, తెమ్మెర’ ఇంకాస్త దూరం. హల్లులు విడిపోయినా అచ్చుల వరస, తూకం చెడలేదు. బాణీలో చివరి స్వరం సాగేచోట ఈ దూరపు చుట్టాలు కూడా చక్కగా ఒదుగుతాయి. స్వరం తుంచినట్టు ఆగేచోట మాత్రం హల్లు కలవకపోతే లోటు తెలిసిపోతుంది.

సినిమాలో చాలా పాటలకు బాణీ ముందు పుడుతుంది. సంగీత దర్శకుడు ‘తాననా’ అని ఇచ్చిన కొలతలో గురులఘువులు ముందే ఖాయమైపోతాయి కాబట్టి అర్థానికి సరిపోయిన ప్రాసపదం కొలతకు సరిపోకపోవచ్చు. డబ్బింగ్ పాటకు ఇంకో చిక్కు: తెరమీద పెదవులు మూసుకునే చోట ప, బ, మ పడాలి. తొలినాటి డబ్బింగ్ చిత్రం ‘ఆహుతి’ (1950)కి ఆ పని చేసింది శ్రీశ్రీయే.

ఇప్పటి పాటల్లో ‘లవ్’, ‘లైఫ్’, ‘ఫోన్’ వంటి మాటలు హల్లుతోనే ఆగుతున్నాయి. వెనకటి తరం ‘ఫోను’, ‘ట్యూను’ అని ఉకారం చేర్చి తెలుగు చేసుకునేది. ఇప్పుడు ఆ అవసరం ఉన్నట్టు రచయితలు భావించడం లేదు. అచ్చుతో ముగిసే మాటల మీద కట్టిన అప్పకవి లెక్కల్లో ఈ హలంత ప్రాసకు చోటు లేదు. దానికి లక్షణం రాయడం ఇప్పటి ఛందశ్శాస్త్రజ్ఞుల వంతు.