కాటిన్ అబద్ధం

1940 ఏప్రిల్, మే నెలల్లో సోవియట్ రహస్య పోలీసు శాఖ ఎన్‌కేవీడీ దాదాపు 22,000 మంది పోలండ్ బందీలను కాల్చి చంపింది. రష్యాలోని స్మొలెన్‌స్క్ దగ్గరున్న కాటిన్ అడవి ఈ హత్యలు జరిగిన చోట్లలో ఒకటి. ఈ నేరాన్ని జర్మన్ల మీదికి నెట్టి, 1943 నుంచి 1990 దాకా సోవియట్ ప్రభుత్వం నిలబెట్టిన కట్టుకథను పోలండ్‌లో ‘కాటిన్ అబద్ధం’ అంటారు. కథంతా ఒక్క అంకె మీద నిలిచింది. హత్యలు 1940లో జరిగి ఉంటే అప్పటికి ఆ అడవి సోవియట్ల చేతిలో ఉంది. 1941 శరత్కాలంలో జరిగి ఉంటే జర్మన్ల చేతిలో ఉంది.

1939 సెప్టెంబరులో జర్మనీ, సోవియట్ యూనియన్ పోలండ్‌ను చెరోవైపు నుంచి ఆక్రమించాయి. ఎర్రసైన్యానికి చిక్కిన సైనికాధికారులను, పోలీసులను కొజెల్స్క్, స్తారోబెల్స్క్, ఒస్తాష్కోవ్ శిబిరాల్లో పెట్టారు. ఆ అధికారుల్లో యుద్ధం కోసం పిలిపించిన డాక్టర్లు, ఉపాధ్యాయులు, లాయర్లు, ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. బందీలను కాల్చి చంపాలంటూ ఎన్‌కేవీడీ అధిపతి బేరియా పెట్టిన ప్రతిపాదన మీద 1940 మార్చి 5న స్టాలిన్, వొరొషిలోవ్, మొలొతోవ్, మికొయాన్ సంతకాలు చేశారు. ఆ వసంతంలో బందీల ఇళ్లకు ఉత్తరాలు రావడం ఆగిపోయింది.

కాటిన్‌లో సామూహిక సమాధులు బయటపడ్డాయని 1943 ఏప్రిల్ 13న లోకానికి చెప్పింది బెర్లిన్ రేడియో. మిత్రరాజ్యాల మధ్య చిచ్చుపెట్టడానికి నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు దొరికిన ఆయుధమది. ఈసారి అతను చెప్పింది నిజమే. అబద్ధాలకు పేరుమోసినవాడి నోట వచ్చింది కనుక ఆ నిజాన్ని తోసిపుచ్చడం మాస్కోకు తేలికైంది. రెండు రోజులు తిరగకుండానే, చంపింది జర్మన్లేనని ప్రకటించింది. లండన్‌లోని పోలండ్ ప్రవాస ప్రభుత్వం రెడ్‌క్రాస్ విచారణ కోరగానే, అది హిట్లర్‌తో చేతులు కలిపిందని నిందించి మాస్కో ఏప్రిల్ 25న సంబంధాలు తెంచుకుంది. మా వాళ్లు ఏమయ్యారని అడగడమే శత్రువు పక్షం చేరడమైంది. నా దృష్టిలో ఈ ప్రచారంలో అతి క్రూరమైన ఎత్తు ఇదే.

స్మొలెన్‌స్క్ తిరిగి సోవియట్ల చేతికొచ్చాక ప్రఖ్యాత శస్త్రవైద్యుడు బుర్దెంకో అధ్యక్షతన ఒక సంఘం వేశారు. జర్మన్ ఫాసిస్టులు జరిపిన కాల్పులపై విచారణ సంఘమని దానికి పేరు పెట్టారు. తీర్పు పేరులోనే ఉంది. 1944 జనవరిలో అది మాస్కో కోరిన మాటే చెప్పింది. సమాధులు చూపించడానికి సోవియట్లు అక్కడికి తీసుకెళ్లిన విదేశీయుల్లో అమెరికా రాయబారి కుమార్తె కాథ్లీన్ హారిమన్ ఒకరు. ఆ కథను ఆమె నమ్మింది. 1952లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందు తన అభిప్రాయం మార్చుకుంది. బ్రిటిష్ దౌత్యవేత్త ఓవెన్ ఓమాలీ 1943లోనే సోవియట్ల వైపు వేలుచూపుతూ నివేదిక రాసినా, యుద్ధంలో స్టాలిన్ అవసరం ఉన్న లండన్ దాన్ని బయటపెట్టలేదు. నూరెంబర్గ్‌లో సోవియట్ ప్రాసిక్యూటర్లు 11,000 మంది హత్యను జర్మన్లకు అంటగట్టారు. తీర్పులో కాటిన్ ఊసే లేదు.

ఈ అబద్ధం అసలు పట్టు కమ్యూనిస్టు పాలనలోని పోలండ్‌లో కనిపిస్తుంది. 1977లో తొమాష్ స్త్రిజెవ్‌స్కీ అనే సెన్సార్ ఉద్యోగి తన శాఖ రహస్య నియమావళిని స్వీడన్‌కు చేరవేశాడు. అందులో కాటిన్‌కూ ఒక నియమం ఉంది. ఫలానా వ్యక్తి కాటిన్‌లో చనిపోయాడని రాయవచ్చు, కానీ చనిపోయిన తేదీ ఇస్తే అది 1941 జూలై తరువాతిదే అయి ఉండాలి. భర్త ఉత్తరాలు ఏ నెలలో ఆగాయో భార్యకు తెలుసు. ఆ తేదీ అచ్చులో మాత్రం రాకూడదు. జనం నమ్మారా లేదా అన్నది ఈ అబద్ధానికి ముఖ్యం కాలేదు. తెలిసినవాళ్లు ఒకరితో ఒకరు పైకి మాట్లాడుకోకుండా ఉంటే దానికి చాలు. ఇళ్లలో గుసగుసగా 1940, బయట 1941. పిల్లలు రెండు జ్ఞాపకాలతో పెరిగారు.

1980 మార్చి 21న క్రాకోవ్ ప్రధాన కూడలిలో వలెంతి బాదిలాక్ అనే వృద్ధుడు ఈ మౌనానికి నిరసనగా తనను తాను గొలుసుతో కట్టుకుని నిప్పంటించుకున్నాడు. మరుసటి ఏడాది వార్సా శ్మశానంలో 1940 అని చెక్కిన శిలువ నిలబెడితే పోలీసులు రాత్రికి రాత్రే ఎత్తుకుపోయారు. 1985లో అక్కడ ప్రభుత్వం పెట్టిన స్మారకం, మృతులను హిట్లర్ ఫాసిజానికి బలైనవారిగా పేర్కొంది. 1940 అనే సంవత్సరాన్ని రాయి మీద చెక్కి నిలబెట్టుకోవడం లండన్‌లోని పోలండ్ ప్రవాసులకు సాధ్యమైంది, గనర్స్‌బరీ శ్మశానంలో 1976లో.

మాస్కోకు మొదటినుంచీ అంతా తెలుసు. 1959లో కేజీబీ అధిపతి షెలెపిన్, చంపిన 21,857 మంది ఫైళ్లను ధ్వంసం చేద్దామని క్రుశ్చేవ్‌కు రాశాడు. బుర్దెంకో సంఘం మాట ప్రపంచ అభిప్రాయంలో వేళ్లూనుకుందని, ఈ కాగితాలు ఉంటే గుట్టు రట్టయ్యే ప్రమాదముందని అతని వాదన.

1990 ఏప్రిల్ 13న గోర్బచేవ్ ప్రభుత్వం నేరం ఎన్‌కేవీడీదేనని ఒప్పుకుంది. 1992 అక్టోబరులో, స్టాలిన్ సంతకం చేసిన 1940 మార్చి 5 నాటి పత్రం పోలండ్ చేతికి అందింది. 2007లో కాటిన్ మీద సినిమా తీసిన దర్శకుడు ఆంద్రెయ్ వాయ్దా తండ్రి కూడా ఆ హతుల్లో ఒకరు. 2010 నవంబరులో రష్యా పార్లమెంటు స్టాలిన్ ఆదేశాన్ని అంగీకరిస్తూ తీర్మానించింది. అయినా 2020 మే నెలలో, ఒస్తాష్కోవ్ బందీలను చంపిన త్వేర్ నగరంలో, ఒకప్పటి ఎన్‌కేవీడీ భవనం గోడ నుంచి వాళ్ల స్మారక ఫలకాన్ని తొలగించారు.